స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా? కాల్షియం లెక్క ఇలా చూసుకోండి

కీళ్లవాతం, ఉబ్బసం, కిడ్నీ జబ్బు, చర్మవ్యాధి, ఏదో ఒక కారణంతో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు మన అనంతపురంలో తక్కువేమీ కాదు. మందుల షాపులో పనిచేసే ఫార్మసిస్టుగా ఆ చీటీలు నేను రోజూ చూస్తాను. చీటీతో పాటు రక్తపరీక్ష కాగితం కూడా చూపించి చాలామంది ఒకటే మాట అడుగుతారు: "కాల్షియం 9.2 ఉంది, మామూలే కదా, మళ్లీ కాల్షియం బిళ్లలు ఎందుకు?"

అడగవలసిన ప్రశ్నే. ఆ 9.2ను నిలబెట్టడానికి శరీరం కాల్షియాన్ని ఎక్కడి నుంచి తెస్తున్నదో ఆ కాగితం చెప్పదు. తిండి నుంచి అందకపోతే ఎముకల నుంచి తెస్తుంది. స్టెరాయిడ్ వాడేవారిలో రక్తంలోని అంకె ఏళ్ల తరబడి చక్కగా ఉండి, వెన్నుపూస మాత్రం విరగవచ్చు. అందుకే ఆ ఒక్క అంకెను నమ్ముకుని నిశ్చింతగా కూర్చోవద్దు. ఏమేం చేయాలో వరుసగా చెబుతాను. మందు మోతాదులు మార్చేది మాత్రం మీ డాక్టరే. ఇది చదివి, ఆయనను ఏమి అడగాలో రాసుకుని వెళ్లండి.

ముందుగా, లోపల జరిగేది తెలుసుకోండి

మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక నాలుగు చిన్న గ్రంథులుంటాయి. వాటిని పారాథైరాయిడ్ గ్రంథులంటారు. రక్తంలో కాల్షియం ఏమాత్రం తగ్గినా అవి పారాథైరాయిడ్ హార్మోనును వదులుతాయి. ల్యాబు కాగితాల్లో దీన్నే పీటీహెచ్ అని రాస్తారు. ఆ హార్మోను ఎముకల్లోని కాల్షియాన్ని బయటికి తెస్తుంది, మూత్రంలో పోయే కాల్షియాన్ని కిడ్నీల చేత ఆపిస్తుంది, విటమిన్ డిని కిడ్నీల్లో చురుకైన రూపానికి మారుస్తుంది. ఆ చురుకైన విటమిన్ డి పేగుల్లో తిండి నుంచి కాల్షియాన్ని లాగుతుంది. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో ఉండేది చాలా కొద్ది. అయినా గుండె, నరాలు, కండరాలు నడవాలంటే ఆ కొద్దీ డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉండాలి.

ఇక కిడ్నీల మీద ఒక్కొక్కటిగా కూర్చునే అడ్రినల్ గ్రంథులు. వీటి పై పొర కార్టిసాల్‌ను, ఆల్డోస్టిరోన్‌ను తయారు చేస్తుంది. లోపలి భాగం అడ్రినలిన్‌ను తయారు చేస్తుంది. కాల్షియాన్ని కొలిచి సర్దే పని వీటిది కాదు. కానీ కార్టిసాల్ ఎక్కువైతే పై ఏర్పాటంతా దెబ్బతింటుంది. పేగుల్లో విటమిన్ డి పని మందగిస్తుంది, తిన్న కాల్షియం పూర్తిగా ఒంటబట్టదు. కిడ్నీల నుంచి కాల్షియం మూత్రంలోకి ఎక్కువగా పోతుంది. వీటన్నిటికంటే పెద్ద నష్టం ఎముకలో నేరుగా జరుగుతుంది. కొత్త ఎముకను కట్టే కణాలు తగ్గిపోతాయి, తొందరగా చచ్చిపోతాయి. పాత ఎముకను కరిగించే కణాలు మొదటి నెలల్లో మరింత జోరుగా పనిచేస్తాయి.

మాత్రల రూపంలో మనం మింగే స్టెరాయిడ్లు కార్టిసాల్ పనినే చేస్తాయి. 1948లో కీళ్లవాతం రోగికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు వచ్చిన ఫలితం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచింది. ఈ పరిశోధనకు 1950లో కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎందరి ప్రాణాలనో నిలబెట్టిన మందు ఇది. కాబట్టి దీన్ని చూసి భయపడి పారిపోనక్కర్లేదు. వాడుతూనే ఎముకను కాపాడుకోవాలి.

1. మీరు వాడుతున్నది స్టెరాయిడో కాదో తేల్చుకోండి

చీటీ మీదా, మాత్రల అట్ట మీదా ఈ పేర్లు వెతకండి: ప్రెడ్నిసొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, డిఫ్లజాకార్ట్, హైడ్రోకార్టిసోన్. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, అసలు మందు పేరు దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. చదవడం కష్టమైతే షాపులో అడగండి, చెప్పడం మా బాధ్యత.

మోతాదులను పోల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ చేసే పనిని 4 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్, 6 మిల్లీగ్రాముల డిఫ్లజాకార్ట్, 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, సుమారు 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ చేస్తాయి. అంటే చిన్న అంకె ఉన్నంత మాత్రాన డెక్సామెథసోన్ చిన్న మందు కాదు. రోజుకు 2.5 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ ప్రెడ్నిసొలోన్‌ను మూడు నెలలకు మించి వాడవలసి వస్తుందని తెలిసిన రోజు నుంచే ఎముకల సంగతి పట్టించుకోవాలి. ఎముక అతివేగంగా తరిగిపోయేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. ఏడాది ఆగి చూద్దామనుకుంటే జరగాల్సిన నష్టంలో పెద్ద భాగం అప్పటికే జరిగిపోతుంది.

చీటీ లేకుండా ఒంట్లోకి చేరే స్టెరాయిడ్ల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. మోకాళ్ల నొప్పికి ఊళ్లో వేసే పేరు తెలియని సూది, ఉబ్బసం ఒక్కరోజులో తగ్గించే పొట్లాల పొడి, ముఖం తెల్లబరుస్తుందని నెలల తరబడి రాసుకునే క్రీము. వీటిలో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం నిజంగా ఉంది. ఏ నొప్పినైనా గంటల్లో మాయం చేసి, ఆకలి పెంచి, కొన్ని వారాల్లో ముఖాన్ని గుండ్రంగా ఉబ్బించే పొడిని అనుమానించండి. అట్ట, పేరు, తయారీ వివరాలు లేని మందు తీసుకోకండి. అప్పటికే వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, ఆ పొట్లాన్ని వెంట తీసుకెళ్లండి.

ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్ సంగతి వేరు. అందులోని స్టెరాయిడ్ చాలా తక్కువ, ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మండి. ఇన్‌హేలర్‌కు భయపడి మాత్రలు మింగేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. తక్కువ హాని చేసేదాన్ని వదిలి ఎక్కువ హాని చేసేదాన్ని ఎంచుకుంటున్నారు.

2. ఒక్కసారిగా ఆపకండి

ఎముకలు గుల్లబారతాయని విని రేపటి నుంచే మాత్రలు మానేయకండి. బయటి నుంచి స్టెరాయిడ్ వారాల తరబడి అందుతుంటే మీ అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారీని తగ్గించేస్తాయి. అవి మళ్లీ మేల్కోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా మందు ఆగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మెల్లగా, డాక్టరు చెప్పిన మెట్లలోనే దించాలి.

3. పరీక్షను సరిగ్గా చేయించుకోండి, సరిగ్గా చదవండి

కాల్షియం ఒక్కటే చేయించుకుంటే సగం సమాచారమే దొరుకుతుంది. దానితో పాటు ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, 25-హైడ్రాక్సీ విటమిన్ డి చేయించమని అడగండి. కాల్షియం ఎక్కువో తక్కువో ఉంటే అదే రోజు తీసిన రక్తంలో పీటీహెచ్ కూడా చూడాలి. వేర్వేరు రోజుల అంకెలను పక్కపక్కన పెట్టి చదివితే తప్పుదారి పట్టవచ్చు.

ఉదయం పరగడుపున వెళ్లండి. ఆ పూట కాల్షియం మాత్ర వేసుకోకండి, స్టెరాయిడ్ సంగతి మాత్రం డాక్టరును అడిగి చేయండి. చేతికి కట్టిన రబ్బరు పట్టీ ఎక్కువసేపు బిగిసి ఉంటే కాల్షియం అంకె ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. నరం దొరక్క ఆలస్యమైతే పట్టీ వదిలి మళ్లీ కట్టమని మర్యాదగా అడగండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ఆ మాట ల్యాబులో ముందే చెప్పాలి, అది పీటీహెచ్ లెక్కను తారుమారు చేయగలదు.

కిడ్నీల నుంచి ప్రోటీన్ పోయే జబ్బుకు స్టెరాయిడ్ వాడేవారు, ముఖ్యంగా అలాంటి పిల్లల తల్లిదండ్రులు, ఈ లెక్క నేర్చుకోవాలి. రక్తంలో కాల్షియంలో దాదాపు సగం ఆల్బుమిన్ వంటి వాటికి అంటుకుని తిరుగుతుంది. ఆల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం అంకె కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. ఆల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువ ఉందో చూసి, దాన్ని 0.8తో గుణించి, వచ్చినదాన్ని కాల్షియానికి కలపండి. కాగితంలో కాల్షియం 8.0, ఆల్బుమిన్ 3.0 ఉంటే సరిచేసిన కాల్షియం 8.8 అవుతుంది. అది మామూలే. ఇది అంచనా మాత్రమే. సందేహం ఉంటే, దేనికీ అంటుకోకుండా తిరిగే కాల్షియాన్ని కొలిచే అయనైజ్డ్ కాల్షియం పరీక్షతో తేలుతుంది.

మరొక మాట. స్టెరాయిడ్ వల్ల పీటీహెచ్ విపరీతంగా పెరిగిపోతుందని కొందరు అనుకుంటారు. చాలామందిలో అది మామూలు పరిధిలోనే ఉంటుంది, కొందరిలో కొద్దిగా పెరుగుతుంది. పీటీహెచ్ బాగుంది, కాల్షియం బాగుంది అన్న రెండు మంచి వార్తలు కలిసినా ఎముక బాగుందని అర్థం కాదు. ఎముక కట్టే కణాలను స్టెరాయిడ్ నేరుగా దెబ్బతీస్తుంది కనుక ఆ నష్టం ఈ రెండు అంకెల్లో కనిపించదు.

4. కంచంలోని కాల్షియాన్ని లెక్కించండి

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1200 మిల్లీగ్రాములు కావాలి. ఇది తిండీ మాత్రా కలిపి చూసుకోవలసిన మొత్తం. మాత్రలోనే 1000 ఉండాలని కాదు.

ఈ విషయంలో రాయలసీమ వంటిల్లు మనకు ఎంతో మేలు చేసింది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సంగటి ముద్దలో బియ్యం ఎంత, రాగిపిండి ఎంత అన్నదే అసలు ప్రశ్న. పేరుకు రాగిసంగటి, ముద్దలో ముప్పావు వంతు అన్నం అయితే ఏమీ రాదు. ముద్దకు 60 గ్రాముల పిండి పడితే 200 మిల్లీగ్రాములు వచ్చినట్టే. రాగుల్లోని ఫైటేట్ కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతుంది. రాగులను నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టించినా, రాత్రి పులియబెట్టి అంబలి కాచినా ఆ అడ్డు తగ్గుతుంది. పెద్ద గ్లాసుడు ఆవుపాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో, సుమారు 240 మిల్లీగ్రాములు ఉంటాయి. పెరుగులోనూ అదే వరుస. మజ్జిగలో పెరుగు ఎంత పడితే అంతే. పొట్టు తీయని నువ్వులు ఒక పెద్ద చెంచాడు పొడి చేసి అన్నంలో కలుపుకుంటే వందకు పైనే వస్తుంది. మునగాకు, ఉలవలు కూడా లెక్కలోకి వస్తాయి. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని వదలదు, దాన్ని లెక్కించకండి.

వేరుశనగ గురించి అడిగేవాళ్లు చాలామంది. ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసే రైతుకు ఆ పంటకు కాల్షియం ఎంత అవసరమో తెలుసు. కానీ మనం తినే గింజలో అది ఎక్కువగా ఉండదు. వేరుశనగలు బలమైన తిండే. కాల్షియం కోసం మాత్రం వాటి మీద ఆధారపడలేం.

ఉప్పు తగ్గించండి. ఉప్పు ఎక్కువగా తింటే మూత్రంలో సోడియంతో పాటు కాల్షియం కూడా వెళ్లిపోతుంది. స్టెరాయిడ్ ఇప్పటికే ఆ పని చేస్తోంది. ఊరుమిరపకాయలు, పచ్చళ్లు పూర్తిగా మానమని నేను చెప్పను, రోజూ మూడు పూటలా మాత్రం వద్దు.

5. మాత్రను సరైన వేళకు వేసుకోండి

చీటీలో "కాల్షియం 500" అని ఉంటే అట్టను తిప్పి చూడండి. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. పేగులు ఒక్కసారికి సుమారు 500 మిల్లీగ్రాములను మాత్రమే బాగా తీసుకోగలవు. రెండు మాత్రలు రాసి ఉంటే రెండు పూటలకు పంచుకోండి.

కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అందుకే భోజనంతో పాటే వేసుకోవాలి. స్టెరాయిడ్‌తో పాటు గ్యాస్ మాత్ర, అంటే పాంటొప్రజోల్ వంటిది, చాలామందికి రాస్తారు. అది ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అది రోజూ వాడుతుంటే కాల్షియం సిట్రేట్ ఇవ్వవచ్చా అని డాక్టరును అడగండి. సిట్రేట్ కడుపు ఖాళీగా ఉన్నా పనిచేస్తుంది. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రను, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లను కూడా కాల్షియంతో కలిపి వేసుకోవద్దు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా కాల్షియం మాత్రలు మొదలుపెట్టకూడదు.

6. విటమిన్ డిని కొలిచి తీసుకోండి

ఇంత ఎండ కాసే జిల్లాల్లో విటమిన్ డి లోపమా అని ఆశ్చర్యపోతారు. నీడ పట్టున ఉండేవారికి, ఒళ్లంతా కప్పుకునేవారికి, వృద్ధులకు ఎండ చర్మం దాకా చేరదు. స్టెరాయిడ్ వాడేవారికి సాధారణంగా రోజుకు 600 నుంచి 800 యూనిట్లు చెబుతారు. లోపం ఎక్కువగా ఉంటే వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల మాత్రో పొడో సుమారు ఎనిమిది వారాలు రాస్తారు.

ప్రమాదం ఇక్కడే ఉంది. "వారానికొకటి" అన్నది రోజుకొకటిగా మారిపోవడం, ఎనిమిది వారాల చీటీతో ఏళ్ల తరబడి కొనుక్కోవడం, పైగా 6 లక్షల యూనిట్ల సూది పదేపదే వేయించుకోవడం. విటమిన్ డి కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. మితిమీరితే కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, తికమక, చివరికి కిడ్నీ దెబ్బ. అట్ట మీద తేదీలు రాసుకోండి.

7. ఎముకను నేరుగా చూడండి, తాగే నీటి సంగతి చెప్పండి

ఎముక సాంద్రతను కొలిచేది డెక్సా స్కాన్. 40 ఏళ్లు దాటినవారు స్టెరాయిడ్ మొదలైన ఆరు నెలల్లోగా దీని గురించి అడగాలి. ఎత్తును గోడకు నిలబడి కొలిచి రాసుకోండి. ఎత్తు తగ్గుతున్నా, దెబ్బ తగలకుండానే నడుములో హఠాత్తుగా నొప్పి వచ్చినా వెన్ను ఎక్స్‌రే తీయించాలి. పిల్లలు స్టెరాయిడ్ వాడుతుంటే ప్రతి మూడు నెలలకూ ఎత్తు కొలవండి, ఎదుగుదల ఆగితే మొదట అక్కడే తెలుస్తుంది.

మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, అది ఫ్లోరైడ్. అనంతపురం జిల్లాలో అనేక పల్లెల బోరు నీళ్లలో ఇది ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది తాగునీటి ప్రమాణం. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ చేరిన ఎముక డెక్సాలో దట్టంగా కనిపిస్తుంది, కానీ అది బలమైన ఎముక కాదు, పెళుసుగా ఉంటుంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో కూర్చున్న డాక్టరుకు ఆ అంకె చాలా బాగున్నట్టు అనిపించవచ్చు. "మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు, ఇన్నేళ్లు అవే తాగాను" అని మీరే చెప్పాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడానికి కూడా ఫ్లోరైడ్ ఒక కారణం కావచ్చు.

ఎముక విరిగే ప్రమాదం ఎక్కువని తేలితే అలెండ్రొనేట్ వంటి మందు రాస్తారు. వారానికొకసారి, పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట పాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. కాఫీతోనో కాల్షియం మాత్రతోనో కలిపి మింగితే అది ఒంటికి అందదు. మింగిన వెంటనే పడుకుంటే ఆహారనాళం పుండు పడుతుంది.

8. కాల్షియం పెరిగితే అడ్రినల్ వైపు కూడా చూడండి

ఇంతవరకు చెప్పింది కార్టిసాల్ ఎక్కువైన సంగతి. బొత్తిగా తగ్గితే రక్తంలో కాల్షియం పెరగవచ్చు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి కిడ్నీలు కాల్షియాన్ని బయటికి పంపలేవు, ఎముక నుంచి వచ్చేది కూడా పెరుగుతుంది. 1855లో థామస్ అడిసన్ వర్ణించిన అడ్రినల్ వైఫల్యానికి అప్పట్లో క్షయ ముఖ్య కారణం. మన దేశంలో ఇప్పటికీ అది ఒక కారణమే.

క్షయ వచ్చి తగ్గినవారు గానీ, స్టెరాయిడ్ హఠాత్తుగా మానేసినవారు గానీ నీరసించి, బరువు తగ్గి, లేచి నిలబడితే కళ్లు తిరిగి, వాంతులు, కడుపునొప్పితో పడుకుంటే వేసవిలో వడదెబ్బ అనుకుని ఊరుకోవద్దు. వేళ్ల కణుపులు, చిగుళ్లు నల్లబడటం, ఉప్పు కోసం నాలుక పీకడం గ్రంథే దెబ్బతిన్నదనడానికి గుర్తులు. మాత్రలు ఆపినవారిలో ఈ నలుపు రాదు. ఉదయం 8 గంటల కార్టిసాల్, సోడియం, పొటాషియం, కాల్షియం పరీక్షలు అడగండి. బాగా నీరసించి ఉంటే పరీక్షల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సెలైన్, హైడ్రోకార్టిసోన్ సూది పడితే పడిపోయిన బీపీ పెరుగుతుంది, కాల్షియం దిగుతుంది.

క్షయకు వాడే రిఫాంపిసిన్ శరీరంలోని కార్టిసాల్‌ను, మింగిన స్టెరాయిడ్‌ను తొందరగా విరగ్గొడుతుంది. అది మొదలుపెట్టేటప్పుడు స్టెరాయిడ్ వాడుతున్నారని తప్పకుండా చెప్పండి. మరోవైపు, క్షయ గడ్డలే సొంతంగా చురుకైన విటమిన్ డిని తయారు చేసి కాల్షియాన్ని పెంచగలవు. అలాంటప్పుడు స్టెరాయిడ్ దాన్ని దించుతుంది. పారాథైరాయిడ్ గడ్డ వల్ల పెరిగిన కాల్షియం మాత్రం సాధారణంగా స్టెరాయిడ్‌కు దిగదు. కారణాన్ని విడదీయడానికి డాక్టర్లకు ఈ తేడా ఉపయోగపడింది.

9. మొండి బీపీ ఉంటే

ఆల్డోస్టిరోన్ ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, చాలామందిలో పొటాషియం తగ్గుతుంది, మూత్రంలో కాల్షియం పోతుంది, ఆ లోటును పూడ్చడానికి పీటీహెచ్ పెరుగుతుంది. మూడు మందులకు కూడా లొంగని బీపీ ఉన్నవారు ఆల్డోస్టిరోన్, రెనిన్ పరీక్ష గురించి అడగాలి. అడ్రినలిన్ వల్ల పీటీహెచ్ కొద్దిగా కదిలినా రోజువారీ జీవితంలో దాని ప్రభావం పట్టించుకోదగ్గది కాదు. అయితే తలనొప్పి, చెమటలు, గుండెదడ విడతలు విడతలుగా వస్తూ కాల్షియం కూడా ఎక్కువగా ఉంటే అడ్రినల్ గడ్డ ఉందేమో చూడాలి. కుటుంబంలో థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఆ మాట చెప్పండి. ఇలాంటి కేసులు చూసేది హార్మోన్ల డాక్టరు, అంటే ఎండోక్రైనాలజిస్టు. కడప నుంచి వెళ్లేవారికి తిరుపతి స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది.

10. జేబులో ఒక కార్డు పెట్టుకోండి

అట్టముక్క మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి: మీ పేరు, వాడుతున్న స్టెరాయిడ్, మోతాదు, ఎప్పటి నుంచి, ఏ జబ్బుకు, డాక్టరు ఫోను నంబరు. కింద "ఈ మందు ఒక్కసారిగా ఆపకూడదు" అని పెద్ద అక్షరాల్లో రాయండి. జ్వరం వచ్చినప్పుడు, పన్ను పీకించుకునేటప్పుడు, ఆపరేషన్‌కు ముందు మోతాదు ఎంత పెంచాలో డాక్టరును ముందే అడిగి కార్డు వెనుక రాసుకోండి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో కూర్చోకుండా సూది కోసం ఆసుపత్రికి వెళ్లాలన్నది కూడా అక్కడే రాసి, ఆ కార్డు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా చెప్పి ఉంచండి.